సిటీలో యాక్సిడెంట్లు ఎక్కువ, నిజమే. మనుషులు పోయేది మాత్రం వేరే చోట

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇది. మీది ఒడిశాలో బరంపురం, తమ్ముడికి వైజాగ్‌లో గాజువాక వైపు ఉద్యోగం వచ్చింది, ఉన్న 150 సీసీ బండి మీదే ఇక్కణ్ణుంచి వెళ్లిపోయి అక్కడ రోజూ దాని మీదే డ్యూటీకి తిరుగుతానంటున్నాడు, అంత పెద్ద ఊళ్లో రోజూ యాక్సిడెంట్లే కదా అని అమ్మకి టెన్షన్. అసలు పెద్ద నగరంలో యాక్సిడెంట్లు పెరగడానికీ తగ్గడానికీ కారణాలేంటి అని. నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. గుద్దుకున్న బండి ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, దెబ్బ ఎటునుంచి తగిలిందో, రిపేరుకి ఎంతవుతుందో, అసలు రిపేరుకి పనికొస్తుందో లేదో చూసి రిపోర్టు రాసివ్వడం నా పని. గంజాం, గజపతి, అటు శ్రీకాకుళం, అప్పుడప్పుడు వైజాగ్. ఇరవై ఏళ్లు పైబడే ఇదే బతుకు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూద్దాం. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. అదే ఏడాది పది లక్షల జనాభా దాటిన 50 నగరాల్లో, వైజాగ్ కూడా ఆ జాబితాలో ఉంది, 76,752 ప్రమాదాలు, 17,089 మరణాలు. భాగించి చూడండి. ఆ నగరాల్లో నూరు ప్రమాదాలకి 22 మంది పోయారు. నగరాలు తీసేసి మిగతా దేశం చూస్తే నూరుకి 39 మంది. అంటే సిటీలో గుద్దుకోవడం ఎక్కువ, చావడం తక్కువ. మీ అమ్మగారు భయపడుతున్నది మొదటిదాని గురించి, భయపడాల్సింది రెండోదాని గురించి.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. సిటీలో చిన్న గీత పడినా ఇన్సూరెన్సు కోసమో, ఎదుటివాడితో గొడవ పడో స్టేషన్ దాకా వెళ్తారు, కాబట్టి లెక్కలోకి ఎక్కుతుంది. మన వైపు చాలా కేసులు రోడ్డు మీదే రాజీ అయిపోతాయి, హెడ్‌లైటుకి ఇంత, కాలికి కట్టు ఖర్చు ఇంత అని పెద్దమనుషులు తేల్చేస్తారు. ఆ ప్రమాదం ఏ కాగితంలోనూ ఉండదు. చావుని మాత్రం ఎవరూ రాజీతో దాచలేరు. అందుకే ఏ ఊరు ఎంత ప్రమాదకరమో పోల్చాలంటే ప్రమాదాల సంఖ్య పట్టుకోకండి, మరణాలు పట్టుకోండి. అవి కూడా జనాభాకి ఎన్ని, బండ్లకి ఎన్ని అని చూడాలి. ఇంకో సంగతి, "సిటీ" అని పేపర్లో రాసేది పోలీస్ కమిషనరేట్ పరిధి. వైజాగ్ కమిషనరేట్లో ఆనందపురం, భీమిలి కూడా ఉన్నాయి. ఆనందపురం అవతల హైవే మీద అర్ధరాత్రి లారీ గుద్ది ఒకతను పోయినా అది సిటీ ఖాతాలోనే పడుతుంది. బీచ్ రోడ్డులో ట్రాఫిక్ బాగోలేక పోయాడని అనుకుంటాం మనం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనిషి పోవడమా, కాలు విరిగి బతకడమా అన్నది తేల్చేది చాలావరకు గుద్దే క్షణంలో ఉన్న స్పీడు. తమ్ముడికి ఈ చిన్న లెక్క చూపించండి. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని కంటికి కనబడ్డాక, మెదడుకి ఎక్కి కాలూ చెయ్యీ బ్రేకు మీద పడేసరికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పడుతుంది. 40లో వెళ్తుంటే ఆ ఒకటిన్నర సెకనులో బండి సుమారు 17 మీటర్లు పోతుంది, ఆ తర్వాత పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 10, మొత్తం 27. 60లో అయితే ఆలోచించే దూరమే 25, బ్రేకు దూరం 23, మొత్తం 48. 80లో 74 దాటుతుంది. ఇప్పుడు సరిగ్గా 27 మీటర్ల దూరంలో ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడనుకోండి. 40లో వచ్చినవాడు ఆయన ముందు ఆగి నాలుగు తిట్లు తిట్టి వెళ్లిపోతాడు. 60లో వచ్చినవాడు అప్పటికి బ్రేకు నొక్కడం మొదలుపెట్టి రెండు మీటర్లే అయింది, ఆయన్ని తాకేసరికి ఇంకా 57లో ఉంటాడు. స్పీడు పెరిగింది సగమే, ఫలితం మాత్రం తిట్లు తినడానికీ పాడె ఎక్కడానికీ ఉన్నంత తేడా. రాత్రిపూట డిమ్ లైటులో నల్ల చొక్కా మనిషి కనబడేదే దాదాపు అంత దూరంలో, అది గుర్తుపెట్టుకోమనండి.

దీన్నిబట్టి ట్రాఫిక్ జామ్ మనల్ని కాపాడుతోందని అర్థమవుతుంది. విసుగు పుట్టిస్తుంది, పెట్రోలు తాగుతుంది, కానీ 20లో వెళ్లేవాణ్ణి చంపదు. మన బరంపురంలోనే చూడండి. గిరి రోడ్డు, బడబజారు సందుల్లో రోజూ ఎవడో ఒకడి అద్దం విరుగుతుంది, సైలెన్సర్ కాలికి అంటుకుంటుంది, కేకలు వేసుకుంటారు, మళ్లీ టీ తాగుతారు. నా దగ్గరికి టోటల్ లాస్ కేసులు, అంటే బండి ఇక రిపేరుకి పనికిరానివి, వచ్చేది అక్కణ్ణుంచి కాదు, అంబపువా నుంచి గొలంతర దాటి గిరిసోల గేటు దాకా ఉన్న హైవే ముక్క నుంచి, దిగపహండి రోడ్డు నుంచి. 2023 జూన్‌లో దిగపహండి దగ్గర పెళ్లివారి బస్సు ఇంకో బస్సుతో ఎదురెదురుగా గుద్దుకుని 12 మంది పోయారు, అదీ అర్ధరాత్రి, ఖాళీ రోడ్డు మీద. ఖాళీ రోడ్డు గురించి దేశమంతా చూసిన సాక్ష్యం కూడా ఒకటుంది. 2020లో లాక్‌డౌన్ వల్ల ప్రమాదాలు 4,49,002 నుంచి 3,66,138కి పడిపోయాయి, అంటే 18 శాతం తగ్గాయి. మరణాలు 1,51,113 నుంచి 1,31,714కి వచ్చాయి, తగ్గింది 13 శాతమే. రోడ్డెక్కినవాళ్లు తక్కువే, ఎక్కినవాళ్లు మాత్రం తొక్కేశారు.

మీరు నెట్‌లో వెతికితే ప్రమాదాల్లో 72 శాతానికి కారణం అతివేగం అని కనబడుతుంది, 2022 ప్రభుత్వ లెక్కే అది. ఆ అంకెని నేను అంత నమ్మను. స్పీడు ముఖ్యం కాదని కాదు, ఇంతసేపూ దాని గురించే చెప్పాను కదా. కేసు పెట్టాలంటే చట్టంలో దొరికే మాట "అతివేగం, అజాగ్రత్త". ఇదివరకు ఐపీసీ 279, 304ఏ, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లో 281, 106. ఏ ఎఫ్ఐఆర్ తీసినా అదే వాక్యం ఉంటుంది, మలుపులో లైటు లేదని గాని, డివైడర్ మొదలయ్యే చోట రంగు వేయలేదని గాని ఎస్సై గారు రాయరు, రాయడానికి ఆ ఫారంలో చోటూ తక్కువే. దాంతో రోడ్డు వేసినవాడి తప్పు, సిగ్నల్ ఆపేసినవాడి తప్పు అంతా డ్రైవర్ ఖాతాలో జమ అయిపోతుంది.

రోడ్డు తప్పు ఎలా ఉంటుందో చెప్తాను. నేషనల్ హైవే 16, మనవాళ్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ ఫైవ్ అనే అంటారు, వైజాగ్ మధ్యలోంచి పోతుంది. మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక. ఆనందపురం నుంచి అనకాపల్లికి ఆరు లైన్ల బైపాస్ వచ్చాక దూరం లారీలు చాలావరకు అటు మళ్లాయి గాని, పోర్టుకీ స్టీల్‌ప్లాంట్‌కీ ఫార్మా కంపెనీలకీ తిరిగేవి ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. అంటే ఒకే తారు మీద 70లో పోవాలనుకునే కంటైనర్, స్కూలుకి ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకున్న స్కూటీ, చెయ్యి ఊపగానే ఆగే షేర్ ఆటో, చీర కుచ్చిళ్లు పట్టుకుని డివైడర్ దాటే ఆవిడ. ఇన్ని రకాల స్పీడులు ఒకే చోట కలిశాయంటే అక్కడ మరణాలు తప్పవు. దేశంలో రోడ్డు మీద పోయేవాళ్లలో బైకులవాళ్లే 44 శాతం పైన, నడిచేవాళ్లు ఇంకో 19 శాతం పైన. కార్లలో వాళ్లకి చుట్టూ ఇనుముంది, వీళ్లకి చొక్కానే.

ఆ హైవే పక్కన కాలనీ ఉంటుంది, యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటుంది. రోజూ పాలకి వెళ్లేవాడు కిలోమీటరు పోయి మళ్లీ కిలోమీటరు వస్తాడా? రాంగ్ రూట్‌లో వస్తాడు. వాణ్ణి తిట్టొచ్చు, ఫైన్ వేయొచ్చు, కానీ వంద మంది అలాగే వస్తున్నారంటే అక్కడ దారి తప్పుగా వేశారని అర్థం. ఫుట్ ఓవర్ బ్రిడ్జిలూ అంతే, మోకాళ్ల నొప్పుల మనిషిని నలభై మెట్లు ఎక్కించి దింపే వంతెన ఎవరి కోసం కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డివైడర్‌లో మొక్కలు ఏపుగా పెంచుతారు, అందంగానే ఉంటాయి, వాటి వెనక నుంచి పిల్లాడు రోడ్డు మీదకి దిగేదాకా కనబడడు. ఇక "బ్లాక్ స్పాట్" అని బోర్డు పెట్టాలంటే హైవే మీద అర కిలోమీటరు ముక్కలో మూడేళ్లలో చావో తీవ్ర గాయమో ఉన్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది పోవాలి. అప్పుడు గాని అది జాబితాలోకి రాదు. కాబట్టి బోర్డు లేని జంక్షన్ మంచిదని తమ్ముడు అనుకోకూడదు. డ్యూటీలో చేరిన మొదటి వారం అక్కడి ఆటోవాళ్లని అడిగితే ఏ మలుపులో జాగ్రత్తగా ఉండాలో వాళ్లే చెప్తారు.

గాజువాక అన్నారు కాబట్టి లారీల సంగతి విడిగా చెప్పాలి. పెద్ద లారీ క్యాబిన్లో ఒకసారి ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే భయం పట్టుకుంటుంది. ఎడమవైపు ముందు చక్రం పక్కన నిలబడ్డ బైకు అతనికి అసలు కనబడదు, క్యాబిన్ అంత ఎత్తు. సిగ్నల్ దగ్గర ఖాళీ ఉంది కదా అని ఎడమ పక్కనుంచి దూరి ముందుకొస్తాం చూశారూ, సరిగ్గా ఆ చోటు. లైటు పడగానే లారీ ఎడమకి తిరిగితే ముందు చక్రాలు వెడల్పుగా తిరుగుతాయి, వెనక చక్రాలు మాత్రం మూలని కోసుకుంటూ లోపలికి వస్తాయి. బైకు ఆ మధ్యలో ఇరుక్కుంటుంది. ఇలాంటి కేసుల్లో లారీ మీద గీత కూడా ఉండదు, డ్రైవర్ నాకు తెలీనే లేదు సార్ అంటాడు, చాలాసార్లు నిజంగానే తెలీదు. అక్కడ స్పీడు పది కూడా ఉండదు, సిటీలో నెమ్మదిగా జరిగి ప్రాణం తీసే ప్రమాదం ఇదొక్కటే అనుకోండి. లారీ పక్కన ఆగొద్దు, వెనకే ఆగమనండి.

రాత్రి సంగతి. దేశం లెక్కల్లో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్య, ఆఫీసులు వదిలే వేళ, చీకటి పడే వేళ. కానీ నేను చూసిన బండ్లలో ఇంజిన్ సీటు కిందకి దూరిపోయినవి పదకొండు దాటాక గుద్దినవే. రోడ్డు ఖాళీ, సిగ్నళ్లు పసుపు రంగులో మిణుక్కుమంటుంటాయి, పోలీసులు వెళ్లిపోయి ఉంటారు, కొందరి కడుపులో మందుంటుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 ఫైను గాని ఆరు నెలల జైలు గాని, రెండూ గాని. షిఫ్టు డ్యూటీ వాడికి మందు అక్కర్లేదు, నిద్ర చాలు. నైట్ డ్యూటీ దిగి తెల్లారగట్ల నాలుగున్నరకి బండెక్కినవాడు తాగినవాడి కంటే మెరుగేం కాదు. ఒక అరగంట క్యాంటీన్‌లో కూర్చుని వెలుగొచ్చాక బయల్దేరమనండి.

బండి లైట్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వెనక నుంచి గుద్దిన కేసు వస్తే నేను మొదట చూసేది వెనక లైటు బల్బు. పాతరకం బల్బులో సన్నటి తీగ ఉంటుంది కదా, లైటు వెలుగుతుండగా దెబ్బ తగిలితే అది వేడికి మెత్తగా ఉండి స్ప్రింగు లాగినట్టు సాగిపోతుంది, ఆరిపోయి ఉండగా తగిలితే తిన్నగా ఉంటుంది, లేకపోతే పుటుక్కున తెగుతుంది. లైటు వెలుగుతోందని ఇద్దరు సాక్షులు చెప్పినా బల్బు వేరే కథ చెప్తుంది. ఎల్ఈడీలు వచ్చాక మాకు ఆ సాయం పోయింది. చెప్పొచ్చేదేంటంటే, అలా తెరిచి చూసిన బల్బుల్లో చాలావాటికి బ్రేకు లైటు వెలిగించే తీగ గుద్దుకోక ముందే మాడిపోయి ఉండేది. బ్రేకు నొక్కితే వెనక లైటు వెలుగుతోందో లేదో నెలకొకసారి గోడకి ఆనించి చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

హెల్మెట్ గురించి ఉపన్యాసం ఇవ్వను. 2022లో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది, అందులో 14 వేల పైచిలుకు వెనక కూర్చున్నవాళ్లు. ఐఎస్ఐ మార్కుది కొనాలి, బకిల్ పెట్టుకోవాలి. షెడ్డుకి బండితోపాటు వచ్చే హెల్మెట్లలో కొన్నిటికి గీత కూడా ఉండదు, పట్టీ పెట్టుకోలేదు కాబట్టి తలకంటే ముందే ఎగిరి పక్కన పడిపోయింది.

వాన గురించి జనం తిరగేసి అనుకుంటారు. జోరు వానలో అందరూ నెమ్మదిగా పోతారు. ఎండాకాలం దాటాక పడే మొదటి చినుకులు ప్రమాదం, నెలల తరబడి రోడ్డుకి పట్టిన ఆయిలూ దుమ్మూ జిగురుగా తేలుతాయి. ఆ పావుగంట ఆగితే చాలు.

సిటీలో మరణాలు తక్కువ కావడానికి స్పీడు ఒక్కటే కారణం కాదు, ఆసుపత్రి దగ్గర్లో ఉండటం కూడా. అదే దెబ్బ మద్దిలపాలెంలో తగిలితే కేజీహెచ్‌కి కొద్ది నిమిషాలు, గజపతి జిల్లా ఘాట్ రోడ్డులో తగిలితే బరంపురం ఎంకేసీజీకి వచ్చేసరికి రక్తం అంతా పోతుంది. పడిపోయినవాణ్ణి చూసి పోలీసు గొడవ మనకెందుకని జనం నిలబడి చూసే రోజులు చట్టం దృష్టిలో పోయాయి, మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో చేరిన 134ఏ సెక్షన్ ప్రకారం సాయం చేసినవాడి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టక్కర్లేని వైద్యం పథకం కూడా ఉంది. ఇది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. వైజాగ్‌లో రోజూ తిరగడానికి నాకు అభ్యంతరం లేదు, పై జాగ్రత్తలు తీసుకుంటే చాలు. నాకు నచ్చనిది బండి మీద ఇక్కణ్ణుంచి వెళ్లడం, అంతకంటే ముఖ్యంగా సంక్రాంతికీ మన బరంపురం ఠాకురాణి యాత్రకీ శనివారం డ్యూటీ దిగి రాత్రికి రాత్రి బండి మీద ఇంటికి వచ్చేయాలనుకోవడం. కుర్రాళ్లందరూ చేసే పని అది. ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, తగరపువలస, రెండువందల యాభై కిలోమీటర్ల పైన. దేశంలో నేషనల్ హైవేలు మొత్తం రోడ్లలో రెండు శాతమే అయినా చావుల్లో 36 శాతం వాటి మీదే. ధాబాల దగ్గర రోడ్డు అంచున లైట్లార్పి నిలిపిన లారీలుంటాయి. టైరు మార్చుకోవడానికి ఆగిన లారీవాడు చుట్టూ రాళ్లు పేర్చుకుంటాడు, పని అయ్యాక లారీ తీసుకుని వెళ్లిపోతాడు, రాళ్లు మాత్రం లైన్లోనే ఉంటాయి. 80లో వచ్చే బైకుకి అవి కనబడేవి ఎప్పుడు? పైన లెక్క చూడండి.

కాబట్టి బండిని రైల్లో వేసేయండి. బరంపురం స్టేషన్ పార్శిల్ ఆఫీసుకి ముందు రోజే వెళ్లి అడగండి. ఆర్సీ కాపీ, ఆధార్ పట్టుకెళ్లాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టా చుట్టి ప్యాక్ చేయడానికి స్టేషన్ బయటే మనుషులుంటారు, అద్దాలు ముందే ఇప్పి బ్యాగులో పెట్టుకోమనండి, లేకపోతే వైజాగ్‌లో దిగేసరికి ఉండవు. ఓడీ-07 నంబరుతో అక్కడ 12 నెలల వరకు తిరగొచ్చు, అంతకుమించి ఉండేట్టయితే ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని ఏపీ నంబరు వేయించాలి. ఇన్సూరెన్సు తేదీ ఒకసారి చూసుకోండి, ఇలా ఊరు మారే హడావిడిలో అది అయిపోయిన సంగతి గుద్దుకున్నాక గాని చాలామందికి తెలీదు. పండక్కి ఇంటికి రావడానికి ఎలాగూ రైళ్లున్నాయి, టికెట్ దొరక్కపోతే బస్సెక్కి ఇచ్ఛాపురంలో దిగమనండి, అక్కణ్ణుంచి మీరే వెళ్లి తెచ్చుకోండి.